పాత కారుకు కొత్త బుద్ధి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలింజన్ల చప్పుడుతో నిద్రలేచే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరు నుండి అసన్‌సోల్ వరకు తలపెట్టిన ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తి చేసిన నాటి నుండి, అర్పా నది ఒడ్డునున్న ఈ పట్టణపు అదృష్టం ఇనుప పట్టాలతో ముడిపడిపోయింది. కోర్బా గనుల బొగ్గు ఇటుగానే దేశం మీదికి తరలిపోతుంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి కేంద్రస్థానమైనది కూడా బిలాస్‌పూరే. ఉత్తరాంధ్ర నుండి రైల్వే కొలువుల కోసం వచ్చి, తరాలుగా ఇక్కడే వేళ్ళూనుకున్న తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, బుధవారీ బజారులో కూరగాయల బేరం దగ్గర ఛత్తీస్‌గఢీ. తిరుపతి వెళ్ళాలనుకుంటే మాత్రం ఊళ్ళోనే రైలెక్కి నేరుగా తిరుపతిలో దిగవచ్చు.

అట్టి ఊళ్ళో ఇంజను గురించి మాట్లాడేవారు ఆచితూచి మాట్లాడవలసి ఉంటుంది. చెప్పేవారికన్నా వినేవారికే ఎక్కువ తెలిసి ఉండే ప్రమాదం ఉన్నది.

ఆ కాలనీకి సమీపాన, వేపచెట్టు నీడన, 2002 నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి ఉన్నదనుకుందాం. యజమాని పదవీ విరమణ చేసిన లోకో డ్రైవరు. కారుకు పదిహేనేళ్ళు నిండగానే 2017లో ఒకసారి, 2022లో మరొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఈ పునరుద్ధరణ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. కనుక ఆయనకు ఈ కారు ముద్దుగా పెంచుకునే పాత వస్తువు మాత్రమే కాదు, పింఛను డబ్బులతో సాకవలసిన సంసారం కూడా. ఇటీవల దానికి కొన్ని జబ్బులు పట్టుకున్నాయి. ఉదయం పూట ఇంజను అందుకోవడం లేదు. యాక్సిలరేటరు నొక్కితే ఒక క్షణం ఆలోచించుకొని గానీ కదలడం లేదు. మైలేజీ పడిపోయింది. మొదటి మెకానిక్కు బానెట్టు ఎత్తి, రెండు తీగలు కదిపి చూసి, "కంప్యూటర్ ఉడ్ గయా" అని తేల్చివేశాడు. రెండో దుకాణంవాడు అంతకన్నా ఆశావాది. పాత కంప్యూటరులో కొత్త 'చిప్పు' వేయిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని హామీ ఇచ్చాడు.

ఇద్దరూ ఒక్క కొలత కూడా తీసుకోలేదు. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడికి కొట్టవచ్చినట్టు కనిపించే లోపం అదే.

ఇంతకూ కారులోని కంప్యూటరు చేసే పని ఏమిటి? డాష్‌బోర్డు క్రిందనో, పక్క తలుపు దగ్గరి అట్ట వెనుకనో బిగించి ఉండే అరచేతి వెడల్పు అల్యూమినియం పెట్టె అది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ప్రతి సిలిండరుకూ సెకనుకు ఇరవైఐదు మార్లు పెట్రోలు అందాలి, ఇరవైఐదు మార్లు నిప్పురవ్వ పడాలి. ఒక్కొక్కసారి ఎంత పెట్రోలు, సరిగ్గా ఏ క్షణాన రవ్వ అన్న రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఆ పెట్టె బ్రతుకు. సమాధానాలు దాని జ్ఞాపకంలో ఎక్కాల పట్టిక మాదిరి రాసి ఉంటాయి. ఒక వరుసలో ఇంజను వేగం, మరో వరుసలో ఇంజను పీల్చుతున్న గాలి. రెండూ కలిసే గడిలో ఉన్న అంకె ప్రకారం ఇంజెక్టరు సెకనులో వెయ్యవ వంతులు రెండో, మూడో, పదో తెరుచుకొని మూసుకుంటుంది. ఈ పట్టికనే ట్యూనింగ్ చేసేవారు 'మ్యాప్' అంటారు. కారు తయారైననాడు కర్మాగారపు ఇంజనీర్లు ఎండలో, చలిలో, కొండల మీద నడిపి చూసి నింపిన అంకెలు అవి.

వంటింటి మాటల్లో చెప్పుకుంటే, కార్బొరేటరు కంటి కొలతతో ఉప్పు వేసే వంటవాడు. చేయి తిరిగినవాడే గానీ, రుచి చూసే అలవాటు లేదు. మే నెలలో బిలాస్‌పూరు ఎండ నలభైఐదు డిగ్రీలకు చేరినప్పుడు గాలి, పదిహేను డిగ్రీల జనవరి ఉదయపు గాలికన్నా తొమ్మిది, పది శాతం పలుచబడుతుంది. కార్బొరేటరుకు ఆ సంగతి పట్టదు. కంప్యూటరు గాలి వేడిని కొలుచుకొని పెట్రోలు తగ్గిస్తుంది. అంతేగాక సైలెన్సరు గొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సర్ ద్వారా, వండిన వంట రుచి కూడా చూసుకుంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే పెట్రోలు చాలలేదన్నమాట. అప్పుడు సెన్సర్ వోల్టు పదో వంతుకు దిగుతుంది. ఆక్సిజన్ మిగలకపోతే పెట్రోలు ఎక్కువైందన్నమాట, వోల్టేజీ 0.8, 0.9 దాకా ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కారులో ఆ ముల్లు క్షణక్షణమూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఊగడం ఆగితేనే అనుమానించాలి.

ఈ విద్య ఒక్కనాటిలో పట్టుబడినది కాదు. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 'ఎలక్ట్రోజెక్టర్' పేరుతో తొలి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పరికరాన్ని 1957లో ప్రకటించి, 1958 మోడలు క్రైస్లర్ కార్లలో అమర్చింది. నాటి ఎలక్ట్రానిక్ భాగాలు ఇంజను గదిలోని వేడికి, కుదుపులకు తట్టుకోలేకపోయాయి. అమ్ముడైనవి ముప్ఫైఐదు కార్లు మాత్రమే. వాటిలో అత్యధిక భాగానికి తరువాత కార్బొరేటర్లు బిగించి పంపవలసి వచ్చింది. పాత కారు కంప్యూటరు మార్పిడి చరిత్ర ఇట్లా వెనుకకు నడిచి మొదలైందన్నమాట! బెండిక్స్ పేటెంట్ల ఆధారంగా జర్మనీలోని బాష్ కంపెనీ రూపొందించిన డి–జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వ్యాగన్ కారులో నిలదొక్కుకుంది. ఆక్సిజన్ సెన్సర్ 1976లో వోల్వో కారుతో రోడ్డెక్కింది. జనరల్ మోటార్స్ 1977లో ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడోలో నిప్పురవ్వ సమయాన్ని నిర్ణయించే పనిని మైక్రోప్రాసెసరుకు అప్పగించింది. పెట్రోలు, రవ్వ రెండింటినీ ఒకే పెట్టె చేతికిచ్చిన బాష్ మోట్రానిక్ 1979లో బి.ఎం.డబ్ల్యు. కారులో వచ్చింది. వీటన్నిటి వెనుక ఇంజనీర్ల ఉత్సాహంతో పాటు, అమెరికా 1970లో చేసిన వాయు కాలుష్య చట్టపు ఒత్తిడి కూడా ఉన్నది.

మన దేశానికి ఆ గాలి ఆలస్యంగా సోకింది. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 కారు కొన్నవారి చేతికి అందినప్పుడు అందులో ఉన్నది కార్బొరేటరే. 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరు, దానికోసం సీసం లేని పెట్రోలు వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాలకు యూరో ప్రమాణాల గడువు విధించడంతో, పెద్ద కార్ల విలాసంగా ఉన్న ఎం.పి.ఎఫ్.ఐ., అనగా ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు పెట్టే పద్ధతి, మధ్యతరగతి చిన్న కారులోకి దిగింది. మారుతి 800కు ఆ భాగ్యం 2000 ప్రాంతంలో కలిగింది. కనుక నేడు మన వీధులలో కనిపించే పాతికేళ్ళ కారుకు కంప్యూటరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. 'ఎం.పి.ఎఫ్.ఐ.' అన్న అక్షరాలను వెనుక డిక్కీ మీద పతకంలా అంటించుకొని తిరిగిన కాలం అది.

ఆ తరం కంప్యూటరుకు ఇప్పుడొక కొత్త పరీక్ష వచ్చిపడింది. దాని జ్ఞాపకంలోని అంకెలు రాసినప్పుడు బంకులో దొరికినది దాదాపు శుద్ధమైన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2030కి చేరుకోవాలని మొదట అనుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని దేశం 2025లోనే అందుకుంది. విదేశీ చమురు మీద ఆధారపడడం తగ్గాలన్న ఉద్దేశం మంచిదే. చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ కూడా. ఎఫ్.సి.ఐ. గిడ్డంగుల బియ్యం కొంత ఇథనాలు కర్మాగారాలకు పోతున్నందున, వరి గిన్నె అని పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాట వినగానే కొందరు కనుబొమలు ముడివేస్తారు. అది వేరే చర్చ.

ఇంజను సంగతికి వస్తే, కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు 9 కిలోలు చాలు. అందులో మూడవ వంతుకు పైగా బరువు ఆక్సిజన్‌దే కదా. దీని అర్థమేమంటే, అదే గాలికి ఇరవై శాతం మిశ్రమం ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి. లీటరులో దాగి ఉన్న శక్తి కూడా ఆ మేరకు తక్కువ. శుద్ధ పెట్రోలుకు రూపొందించి, పది శాతం మిశ్రమానికి సరిదిద్దిన నాలుగు చక్రాల వాహనాలలో మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక పేర్కొన్నది. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ, తగ్గుదల స్వల్పమేనని వివరణ ఇచ్చింది. పాత బండ్లకోసం ఇథనాలు లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషనును 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. బంకు దగ్గర ఎంపిక లేనప్పుడు, ఆలోచించవలసినది కారు దగ్గరే.

ఇక్కడే పాత కంప్యూటరుకున్న గొప్ప గుణం, దాని పక్కనే దాని పరిమితి రెండూ బయటపడతాయి. నిలకడగా నలభై, యాభై వేగంతో పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ రుచి చూస్తూ ఉంటుంది గనుక, 'పెట్రోలు చాలడం లేదు' అన్న కబురు అందగానే కంప్యూటరు ఇంజెక్టరును కొంచెం ఎక్కువసేపు తెరుస్తుంది. సాధారణంగా ఇరవై శాతం దాకా ఇట్లా సర్దుకునే స్వేచ్ఛ దానికి ఉంటుంది. ఇథనాలు కోరే ఏడెనిమిది శాతం అందులో సులభంగా ఇమిడిపోతుంది. కానీ ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడు ఆ సెన్సర్ పనిచేయదు. మూడు వందల డిగ్రీల వేడి ఎక్కితే గానీ దానికి నోరు పెగలదు. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి లారీని దాటేటప్పుడు కంప్యూటరు తనంతట తానే సెన్సర్ మాట వినడం మానేసి, పట్టికలోని అంకెను నమ్ముకుంటుంది. చాలా పాత పెట్టెలలో ఆ అంకె ఇథనాలు సంగతి తెలియని రోజులలో రాసినది. కనుక చలి ఉదయాన స్టార్టు కాకపోవడం, హఠాత్తుగా తొక్కినప్పుడు తడబడడం అన్న రెండు లక్షణాలూ, కంప్యూటరు గుడ్డిగా నడిచే సమయంలోనే ఎక్కువగా తలెత్తుతాయి. మన లోకో డ్రైవరుగారి కారు జబ్బుకు ఇది ఒక కారణం కావచ్చు. ఒకే కారణమని మాత్రం చెప్పలేము.

ఎందుకంటే, అవే లక్షణాలను ఇంకా చవకైన దోషాలు కూడా కలిగిస్తాయి. నీళ్ళ వేడి చెప్పే సెన్సర్ తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ, వేడెక్కినకొద్దీ తక్కువ. పిన్ను తుప్పు పట్టి కాస్త అదనపు నిరోధం చేరితే చాలు, మండుటెండలో కూడా ఇంజను ఇంకా చల్లగానే ఉన్నదని కంప్యూటరు భ్రమపడి పెట్రోలు దండిగా పోస్తుంది. గాలి గొట్టంలో సన్నని పగులు ఉంటే, కొన్ని కార్లలో లెక్కకు రాని గాలి లోపలికి చేరుతుంది. బ్యాటరీ నుండి ఇంజనుకు పోయే ఎర్త్ తీగ వదులైతే సెన్సర్లన్నీ ఒక్కసారిగా అబద్ధాలు మొదలుపెడతాయి. ముసలి ఆక్సిజన్ సెన్సర్ చచ్చిపోకపోయినా నెమ్మదిస్తుంది. చెప్పవలసిన కబురు ఆలస్యంగా చెబుతుంది. చాడీలు విన్న రాజు తప్పు తీర్పు ఇస్తే, సింహాసనం మార్చి ప్రయోజనమేమి?

ఈ దోషాలను కంప్యూటరే కొంతవరకు చెప్పగలదు. 2010 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్–4 కార్లకు లోప నిర్ధారణ వ్యవస్థ తప్పనిసరైనది. అంతకు ముందరి కొన్ని కార్లలో, నిర్ణీతమైన రెండు పిన్నులను తీగముక్కతో కలిపితే డాష్‌బోర్డు మీద ఇంజను దీపం మిణుకుతుంది. పొడుగు మిణుకులు ఎన్ని, పొట్టి మిణుకులు ఎన్ని అని లెక్కపెట్టి పుస్తకంలోని అంకెతో సరిచూసుకోవాలి. తంతి సంకేతాల కాలం చూసిన రైల్వే కుటుంబాలకు ఇది కొత్త భాష కాదు. కానీ, ఆ దీపం తీగ తెగిన సెన్సర్‌ను పట్టుకుంటుంది గానీ, నమ్మదగినట్లు అబద్ధమాడే సెన్సర్‌ను పట్టుకోలేదు. దానికి మల్టీమీటరూ, ఓపికా కావాలి. మైలేజీ మాట తేల్చడానికీ అంతే. ట్యాంకు నిండుగా పోయించిన ప్రతిసారీ లీటర్లు, మీటరు అంకె రాసుకొని నాలుగైదు ట్యాంకులు గడిస్తే గానీ సంఖ్య నిలబడదు. డ్రైవరుగా ట్రిప్పు లెక్కలు రాసినవాడికి ఆ పుస్తకం బరువు కాబోదు.

అవన్నీ సరిచేసిన తరువాత కూడా లోపం మిగిలితే, అప్పుడు ట్యూనింగ్ మాట ఎత్తడం న్యాయం. పట్టికలోని అంకెలను తిరగరాయడమే ట్యూనింగ్. 1980, 1990 దశకాల కంప్యూటర్లలో చాలా వాటికి ఆ అంకెలు చిన్న గాజు కిటికీ ఉన్న చిప్పులో ఉండేవి. అతినీలలోహిత కిరణాలు చూపిస్తే చెరిగిపోతాయి, మళ్ళీ రాసుకోవచ్చు. 'చిప్పు మార్చడం' అన్న మాట అక్కడి నుండి వచ్చినదే. తరువాతి తరం పెట్టెలలో చిప్పు ఊడదీయనక్కరలేదు, తీగ ద్వారానే రాయవచ్చు. మధ్యకాలపు కొన్నిటిలో అంకెలు కర్మాగారంలోనే శాశ్వతంగా ముద్రపడిపోయి ఉంటాయి. వాటిని ఎవరూ మార్చలేరు. మన పెట్టె ఏ జాతిదో చూడకుండానే చిప్పు వేస్తానన్న దుకాణదారు, ఆ పెట్టెను ఎన్నడూ విప్పి చూడలేదని అనుకోవచ్చు.

పెట్టెనే మార్చివేసే మరో దారి ఉన్నది. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిపో అనే ఇద్దరు 2001లో 'మెగాస్క్విర్ట్' అనే పేరుతో, ఎవరైనా భాగాలు కొనుక్కొని టంకం వేసి అతికించుకోదగిన ఇంజను కంప్యూటరును అందుబాటులోకి తెచ్చారు. కార్బొరేటరు కార్లకు సైతం ఇంజెక్షను పెట్టుకున్న అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. కొత్త పెట్టె కొత్త బుద్ధితో రాదన్నదే ఇందులోని మెలిక. దాని పట్టిక ఖాళీగానో, ఉజ్జాయింపుగానో ఉంటుంది. వందల గడులు నింపవలసిన బాధ్యత కొన్నవాడిదే. కర్మాగారం కొన్ని నెలలపాటు పలు ఊళ్ళలో చేసిన పని, ఒక మనిషి ఆదివారాలలో చేయాలి. అదొక వ్యసనమైనవారికి ఆనందమే; పొద్దున్నే మనవడిని బడికి దింపవలసిన కారుకు మాత్రం అది తగిన ప్రయోగం కాదు.

పాత ఇంజనుకు కొత్త కంప్యూటరు పెట్టడమంటే ఏమిటో సక్రమంగా చేసి చూపినది నిజానికి రైల్వేలే. అమెరికన్ ఆల్కో నమూనాతో వారణాసిలో 1964 నుండి తయారైన డబ్ల్యు.డి.ఎం.–2 డీజిలు లోకోకు 2600 హార్సుపవరు ఉండేది. అదే వంశంలో తరువాత వచ్చిన డబ్ల్యు.డి.ఎం.–3ఏ 3100కు చేరింది. ఆ పెంపు కేవలం బుద్ధి మార్చి సాధించినది కాదు. టర్బో మార్చారు, ఇంధన పంపులు మార్చారు, గాలిని చల్లబరిచే కూలరు మార్చారు. రిలేల వరుసలతో నడిచిన పాత లోకోలకు మైక్రోప్రాసెసరు నియంత్రణ కూడా ఇట్లాగే క్రమంగా వచ్చింది. అట్టి పరికరాలు తయారు చేసే సంస్థలలో ముఖ్యమైనది, 1984లో హైదరాబాదులో మొదలైన మేధా సర్వో డ్రైవ్స్. మన దేశపు లోకోలలో కొన్నిటికి బుద్ధి తెలుగునాట నుండి పోతున్నదని చాలామందికి తెలియదు.

షెడ్డులో మరమ్మతైన డీజిలు లోకోను వెంటనే రైలుకు తగిలించరు. 'లోడ్ బాక్స్' దగ్గర నిలబెట్టి, జనరేటరు పుట్టించిన విద్యుత్తును వేడిగా ఖర్చుచేయిస్తూ, ఒకటి నుండి ఎనిమిది దాకా ఒక్కొక్క నాచ్‌లో ఇంజను ఎంత శక్తి ఇస్తున్నదో కొలిచి రాస్తారు. అంకె సరిపోకపోతే అక్కడే సరిచేస్తారు. కారుకు ఆ లోడ్ బాక్స్ వంటిది డైనమోమీటరు. చక్రాలు రోలర్ల మీద తిరుగుతుండగా ఇంజను శక్తిని కొలుస్తుంది. దానితోపాటు గొట్టంలో విశాల పరిధి గల ఆక్సిజన్ సెన్సర్ ఒకటి తాత్కాలికంగా అమర్చాలి. కర్మాగారపు పాత సెన్సర్ 'ఎక్కువ, తక్కువ' అని మాత్రమే అనగలదు. ఇది ఎంత ఎక్కువో చెబుతుంది. ఈ రెండు కొలతలూ లేకుండా పూర్తి యాక్సిలరేటరు గడులను తిరగరాయడం, చీకట్లో సూదికి దారం ఎక్కించడమే. గురి తప్పితే నష్టం మైలేజీతో ఆగదు. భారం మీద పెట్రోలు చాలకపోతే మంట వేడి పెరిగి, ఇంజను 'నాకింగ్' మొదలుపెడుతుంది. రవ్వను అతిగా ముందుకు జరిపినా అంతే. తీవ్రమైన నాకింగ్ పిస్టను తలకు చిల్లు పెట్టగలదు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయినట్లు, చిన్న తడబాటును కుదర్చబోయి ఇంజను విప్పవలసి వస్తుంది.

ఇథనాలులో ఒక మేలు కూడా దాగి ఉన్నదని చెప్పకపోతే అన్యాయం. నాకింగ్‌ను తట్టుకునే శక్తిని ఆక్టేను అంకెతో కొలుస్తారు. మామూలు పెట్రోలుకు 91 ఉండగా, ఇరవై శాతం మిశ్రమానికి 95 దాకా ఉంటుంది. నిప్పురవ్వ గడులను దానికి తగినట్లు కొద్దిగా ముందుకు జరిపి రాస్తే, కోల్పోయిన శక్తిలో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. మిశ్రమం కోసమే రూపొందిన కొత్త కార్లలో ఇంజనీర్లు చేస్తున్న పనులలో ఇదొకటి. పాత పట్టికకు ఆ అవకాశం ఉన్నదన్న సంగతే తెలియదు. ఆ విధంగా చూస్తే పాత కారును నిజంగా ట్యూను చేయించడానికి ఇంతకు మునుపెన్నడూ లేనంత సమంజసమైన కారణం ఇప్పుడే దొరికింది. అయితే టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజనులో మిగిలే లాభం కొద్ది శాతమే. ముప్ఫై శాతం, నలభై శాతం అని ప్రకటించేవారి మాట టర్బో డీజిలు కార్ల నుండి అరువు తెచ్చుకున్నది. ఇక సాకెట్టులో దూర్చగానే మైలేజీ పెంచుతామని అమ్ముడయ్యే చవక పెట్టెలు కొన్నిటిని విప్పి చూసినవారికి, లోపల మిణుకుమిణుకుమనే దీపాలూ, వాటిని మిణికించే చిప్పూ తప్ప చెప్పుకోదగినదేదీ కనిపించలేదు.

రబ్బరు సంగతి కూడా ట్యూనింగ్ పరిధిలోకి రాదు. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను, సీళ్ళను గట్టిపరచవచ్చు లేదా ఉబ్బించవచ్చు. నీటిని పీల్చుకునే గుణం వల్ల, నెలల తరబడి కదలని కారు ట్యాంకులో తుప్పుకు తోడ్పడుతుంది. 2023 తరువాతి కార్ల భాగాలను దీనికి తగినట్లు మార్చారు. పాత కారుకు పెట్రోలు గొట్టాలు, ఫిల్టరు మార్పించడం ఎట్టి చిప్పుకన్నా ముందు చేయించవలసిన ఖర్చు.

చట్టం ఏమంటుంది? తయారీదారు నిర్దేశించి, రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. అనుమతి లేని మార్పులకు, 2019 సవరణతో చేరిన 182–ఏ సెక్షను ప్రకారం, యజమానికి ఆరు నెలల వరకు జైలుగానీ, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాగానీ, రెండూగానీ విధించవచ్చు. పట్టికలోని అంకెలు ఆ పత్రంలో కనిపించవు. వాటి ఫలితం మాత్రం పొగలో కనిపిస్తుంది. కాలుష్య తనిఖీలో భారత్ స్టేజ్–2కు పూర్వపు పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా చెల్లుతుంది, భారత్ స్టేజ్–4 కార్లకు 0.3 శాతమే. కన్వర్టరు, సెన్సర్ సక్రమంగా ఉన్న కారు 3 శాతం దరిదాపులకు కూడా పోదు. కాబట్టి తనిఖీలో నెగ్గిన కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన పాత కారు ఆరోగ్యంగా ఉన్నదని అనుకోనక్కరలేదు. కాగితం మీది అసలు అంకెను గతసారి అంకెతో పోల్చి చూడడం మేలు.

అంకెలు రాసేవాడి నిజాయితీ మీదే అంతా ఆధారపడి ఉంటుందన్నది పెద్ద కంపెనీల విషయంలోనూ నిజమే. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ గుట్టు బయటపెట్టింది. ఆ కంపెనీ డీజిలు కార్ల కంప్యూటరు, తనను పరీక్షిస్తున్నారని పసిగట్టి పరీక్ష వేళ మాత్రం పొగను అదుపులో పెట్టేది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో ఆ ప్రోగ్రాము ఉన్నట్లు కంపెనీయే ఒప్పుకున్నది. పెట్టెకు నీతి, అవినీతి తెలియవు.

ఇంత చెప్పినా, మొదటి మెకానిక్కు మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. పాతికేళ్ళ పెట్టెలో నిజంగానే ముసలితనం వస్తుంది. విద్యుత్తును నిలువచేసే చిన్న కెపాసిటర్లలోని ద్రవం వేడికి ఆరిపోయి గానీ, కారి పలక మీది రాగి దారులను తినివేసి గానీ, కారు అప్పుడప్పుడూ ఆగిపోయేలా చేస్తుంది. చల్లారాక మళ్ళీ స్టార్టవుతుంది గనుక లోపం దొరకదు. చేయి తిరిగిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు ఆ కెపాసిటర్లు మార్చి, పలకను శుభ్రం చేసి పెట్టెను బ్రతికించగలడు; దీనికయ్యే భాగాల ఖర్చు కొత్త పెట్టె ధరతో పోల్చదగినది కాదు. అది కుదరనప్పుడు, పాత కార్లు విప్పి భాగాలు అమ్మేవారి దగ్గర అదే మోడలు పెట్టె కోసం వెదకవలసి వస్తుంది. 2000 తరువాతి కార్లు కొన్నిటిలో తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు ఉంటుంది. దాని జతకాని పెట్టె ఇంజనును తిరగనిస్తుందేగానీ అందుకోనివ్వదు. అందుచేత డబ్బు చేతులు మారకముందే, మూత మీది చీటీ అంకెలను పాత పెట్టె అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. చివరి ఒక్క అక్షరం తేడా ఉన్నా, అది వేరే గేరుబాక్సుకో, వేరే ఇంజనుకో రాసిన పట్టిక అయి ఉండవచ్చు.